నొప్పిని దాచుకోవడం శీలం కాదు

 

ఈసారి ధ్యానం గురించి రాయమని మనవాళ్ళు అడిగారు. రాయబోయి ఆగిపోయాను. మూడేళ్ళుగా మనసులో మెలిపెడుతున్న సంగతి ఒకటుంది. అది మీకు చెప్పకుండా ధ్యానం గురించి పాఠం చెప్పే అర్హత నాకు లేదనిపించింది. అందుకే ఆసుపత్రి గురించి, నొప్పి గురించి, మార్ఫిన్ అనే మందు గురించి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. బి.ఏ. చదివి ఉద్యమంలోకి వచ్చినదాన్ని. ఇక్కడ మందుల గురించి రాసేదంతా వార్డుల్లో కూర్చుని, డాక్టర్లను సిస్టర్లను విసిగించి, తర్వాత చదువుకుని తెలుసుకున్నది. ఎవరికి ఎంత మోతాదు అన్నది మీ డాక్టరే చెప్పాలి.

మా పెద్దమ్మ గుంటూరు వైపు మిరపకాయల తొడిమలు తీసే కూలి. పెద్దనాన్న సారా తాగి తాగి పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా ఉద్యమం మా పల్లెకి కూడా వచ్చినప్పుడు, చీపురుకట్ట పట్టుకుని పాకెట్ల దుకాణం ముందు నిలబడిన ఆడవాళ్ళలో ఆమె ఒకరు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి మేమంతా ధమ్మ దీక్ష తీసుకున్నాం. ఇరవై రెండు ప్రతిజ్ఞలు నేనే చదివి చెప్పాను, ఆమె చేతులు జోడించి ఒక్కొక్కటే పలికింది. మత్తు ముట్టనన్న మాట వచ్చినప్పుడు మాత్రం గొంతు పెంచి రెండుసార్లు పలికింది. ఆమెకది పుస్తకంలో మాట కాదు. మొగుడి శవం.

అలాంటి మనిషికి గర్భసంచి ముఖద్వారానికి కేన్సర్ వచ్చింది. కరెంటు పెట్టారు, కీమో ఇచ్చారు. ఏడాదిన్నర బాగానే ఉంది. తర్వాత నడుం ఎముకల్లోకి పాకింది. ఒక పెద్దాసుపత్రిలో చేర్చాం. ఏ ఊరో ఏ ఆసుపత్రో చెప్పను, అది అక్కడి ఒక్కరి తప్పు కాదు. ఆడవాళ్ళ వార్డులో రాత్రిళ్ళు ఆడ అటెండెంటునే ఉండనిస్తారు కాబట్టి మంచం పక్కన చాప వేసుకుని నేనే పడుకునేదాన్ని. పెద్దమ్మ మూలిగేది కాదు. చీర కొంగు నోట్లో కుక్కుకునేది. పొద్దున్న చూస్తే కొంగంతా పళ్ళగాట్లు, తడి.

రెండో రోజు రౌండ్స్‌లో డాక్టరు గారు మార్ఫిన్ మొదలుపెడదాం అన్నారు. పక్క మంచం వాళ్ళు ఎవరో "అది నల్లమందు నుంచి తీసేదే" అని చెప్పారు. పెద్దమ్మ వేసుకోనంటే వేసుకోనంది. "దీక్ష తీసుకున్నదాన్ని, చచ్చేముందు మత్తు ముడతానా" అంది. డాక్టరు గారు నా వైపు చూశారు. నేనేమన్నానో తెలుసా? "మా పెద్దమ్మ శీలం పాటిస్తుంది సార్, వేరే మందు ఇవ్వండి" అన్నాను. గర్వంగా అన్నాను. ఆ రోజు నుంచి నాలుగు రాత్రులు ఆమె ఆ కొంగు నములుతూనే ఉంది.

ఆ నాలుగు రాత్రులు నా లెక్కలో ఉన్నాయి. వాటికే ఈ వ్యాసం.

ఐదో రోజు పాలియేటివ్ విభాగం డాక్టరమ్మ ఒకరు వచ్చారు. పాలియేటివ్ అంటే, జబ్బు నయమయ్యేదైనా కాకపోయినా మనిషి బాధను తగ్గించే వైద్యం. చివరి రోజుల్లోనే అని చాలామంది అనుకుంటారు, అలా కాదు. ఆమె కేస్ షీట్ పక్కన పెట్టి మంచం మీద కూర్చుంది. "అమ్మా, సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే ఇంతకు మించిన నొప్పి లేదు. నీది ఎంత?" అని అడిగింది. పెద్దమ్మకి అంకెలతో నొప్పి చెప్పడం రాలేదు. కాసేపు ఆలోచించి, "పొద్దున అర టిక్కీ మోస్తున్నట్టు ఉంటదమ్మా. రాత్రి పది దాటితే రెండు టిక్కీలు నడుం మీద ఏసినట్టు ఉంటది" అంది. మిరపకాయల బస్తాని మా వైపు టిక్కీ అంటారు. డాక్టరమ్మ నవ్వలేదు. అదే మాట రాసుకుంది, పక్కన అంకె వేసుకుంది. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, "మీరు బౌద్ధులటగా, మీ బుద్ధుడు రోగికి మందు వద్దన్నాడా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. పదిహేనేళ్ళుగా ఉపన్యాసాలు ఇస్తున్నదాన్ని, జవాబు లేదు. ఆ రాత్రే ఫోన్‌లో వెతికాను, ఒక భంతేజీని నిద్ర లేపి అడిగాను. తర్వాత నెలల తరబడి చదివాను. దొరికింది మీ ముందు పెడతాను.

వినయ పిటకంలో మహావగ్గం ఉంది కదా, అందులో మందుల అధ్యాయం ఒకటి ఉంది. పిలిందవచ్ఛుడనే భిక్షువుకి వాతం జబ్బు చేసింది. వైద్యులు నూనె కాచి తాగించమన్నారు, ఆ నూనెలో మద్యం కలిపి కాచాలన్నారు. భిక్షువులు వెళ్ళి బుద్ధుణ్ణి అడిగారు. బుద్ధుడు అనుమతించాడు. మద్యం తాగకూడదని నియమం పెట్టిన ఆయనే, జబ్బు మనిషి మందులో దాన్ని కలుపుకోనిచ్చాడు. కథ అక్కడితో ఆగితే మనకి సగమే ఉపయోగం. ఆరుగురు భిక్షువుల గుంపు ఒకటుండేది, ఏ నియమం చూసినా దానికి సందు వెతికే బాపతు. వాళ్ళు నూనెలో మద్యం ఎక్కువ పోసి కాచుకుని తాగి తూలారు. అప్పుడు బుద్ధుడు ఏం చేశాడు? అసలు మందునే రద్దు చేసెయ్యలేదు. పిలిందవచ్ఛుడి నొప్పి ఈ ఆరుగురి మూలంగా పెరగకూడదు. హద్దు పెట్టాడు. మద్యం రంగూ వాసనా రుచీ తెలియనంత మేరకే ఉండాలన్నాడు. ఎక్కువ కలిపి కాచేసిన నూనె ఉంటే ఒంటికి రాసుకోమన్నాడు.

రెండున్నర వేల ఏళ్ళ కిందటి ఈ చిన్న కథలో, ఇవాళ ప్రపంచమంతా మార్ఫిన్ గురించి పడుతున్న తగువంతా ఉందని నాకనిపిస్తుంది. రోగికి అందాలి, ఆరుగురి చేతిలో పడకూడదు. ఈ రెండూ ఒకేసారి చెయ్యాలి.

ఐదో శీలంలో ఉన్న పాళీ మాట ఒకసారి చూడండి. పమాదట్ఠానం. పమాదం అంటే ఏమరుపాటు, ఒళ్ళు తెలియకపోవడం. శీలం వారిస్తున్నది ఏమరుపాటుకి చోటిచ్చే తాగుడుని. సరదాకో, మర్చిపోవడానికో, ఊరికే ఊగడానికో పుచ్చుకునేదాన్ని. మరి నడుం ఎముక లోపల కేన్సర్ తొలుస్తుంటే, కొంగు నములుతున్న మనిషికి ఏ స్మృతి నిలుస్తుంది? పెద్దమ్మ ఆ నాలుగు రోజులూ త్రిశరణం చెప్పుకోలేకపోయింది. మొదలుపెట్టి, మధ్యలో నొప్పి లాగితే ఆగిపోయేది. ఆమెను ఏమరుపాటులోకి నెట్టింది నొప్పే కానీ మందు కాదు. మందు పడ్డాకే ఆమె మళ్ళీ తెలివిలోకి వచ్చింది.

ఇంకో మాట మన ఇళ్ళలోనే వింటాను. దీక్ష తీసుకున్నా నోటి నుంచి ఇంకా పోలేదు. "ఏ జన్మలో చేసిన పాపమో, అనుభవించాలి." సంయుక్త నికాయంలో శివకుడనే పరివ్రాజకుడు సరిగ్గా ఇదే అడుగుతాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వ కర్మ వల్లేనని కొందరంటున్నారు, నువ్వేమంటావని. బుద్ధుడు పైత్యం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, ఋతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, ఎవరో కొట్టిన దెబ్బ, ఇవన్నీ లెక్కపెట్టి చెప్తాడు. కర్మ విపాకం ఆ వరసలో ఒకటి మాత్రమే. అంతా పాత కర్మే అనేవాళ్ళు కళ్ళ ముందున్నదాన్ని దాటిపోయి మాట్లాడుతున్నారంటాడు. బాబాసాహెబ్ ఇంకా ముందుకి వెళ్ళారు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో గత జన్మ కర్మ సిద్ధాంతాన్ని నిలదీసి, పేదవాడి స్థితికి సమాజం బాధ్యత తప్పించుకోవడానికే అది పనికొస్తుందని తేల్చారు. ఆసుపత్రిలో ఆ తప్పించుకోవడం నేను కళ్ళారా చూశాను. "మీ ఖర్మ" అన్న మాట పలికాక, ఇక ఎవరూ మందు అడగక్కర్లేదు, ఎవరూ ఇవ్వక్కర్లేదు.

మనలో కొంచెం చదువుకున్నవాళ్ళు ఇంకో రకం తప్పు చేస్తారు, నేనూ చేశాను. రెండు బాణాల ఉపమానం చెప్తాం. శరీరానికి తగిలే నొప్పి మొదటి బాణం, దాని మీద మనసు పెట్టే గోల రెండో బాణం. ధమ్మం తెలిసినవాడికి రెండోది తగలదు. నిజమే. కానీ ఆ సుత్తంలో మొదటి బాణం అందరికీ తగులుతుందనే ఉంది, ధమ్మం తెలిసినవాడికి కూడా. అది తగిలినవాడికి వైద్యం అక్కర్లేదని ఎక్కడా లేదు. బుద్ధుడి వీపే నొప్పి పుట్టేది. ఉపదేశం మధ్యలో "నా వీపు నొప్పిగా ఉంది, కాసేపు నడుం వాలుస్తాను, నువ్వు చెప్పు" అన్న అర్థంలో ఆనందుడికి ఒకచోట, సారిపుత్తుడికి ఒకచోట అప్పగించిన సందర్భాలు సుత్తాల్లో ఉన్నాయి. కాలికి రాతిముక్క తగిలినప్పుడు జీవకుడు వైద్యం చేశాడు. దేవుణ్ణని చెప్పుకోని గురువు మనకి ఉన్నందుకు ఇదొక లాభం. నొప్పిగా ఉందని చెప్పడం ఆయనకు చిన్నతనం కాలేదు.

ఇక మందు సంగతి. గసగసాల మొక్క పచ్చికాయను గాటు పెడితే కారే పాలే నల్లమందు. అందులోంచి మార్ఫిన్‌ను రెండు వందల ఏళ్ళ క్రితం ఒక జర్మన్ మందుల తయారీదారు విడదీశాడు. మెదడులో, వెన్నుపాములో నొప్పి కబురు అందుకునే చోట్ల ఇది కూర్చుని ఆ కబురుని తగ్గిస్తుంది. ఈ కుటుంబం మందుల్ని ఓపియాయిడ్లు అంటారు. కోడీన్, ట్రమడాల్ కాస్త తేలికవి. మార్ఫిన్, ఫెంటానిల్ బలమైనవి. కేన్సర్ నొప్పికి మెట్లు మెట్లుగా మందు పెంచే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ప్రకటించింది. ముందు పారాసిటమాల్ వంటివి, చాలకపోతే తేలిక ఓపియాయిడ్, అదీ చాలకపోతే మార్ఫిన్. వీలైనంతవరకు నోటి ద్వారా, గడియారం చూసి. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటల పాటు పనిచేస్తుంది. అందుకే నొప్పి మళ్ళీ లేచేదాకా ఆగకుండా, లేవకముందే తర్వాతి మాత్ర పడాలి. మనవాళ్ళు ఇక్కడే తప్పుతారు. "ఇప్పుడు బాగానే ఉందిగా, ఎందుకు మింగాలి" అని మానేస్తారు. అర్ధరాత్రి నొప్పి కొండలా లేస్తుంది, అప్పుడు అదే మాత్ర సరిపోదు.

మన దేశం చట్టబద్ధంగా నల్లమందు పండించే దేశం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు మీద పండిస్తారు, విదేశాల మందుల కంపెనీలకు అమ్ముతారు. పండించిన దేశంలో రోగికి మాత్రం దొరకదు. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం శిక్షలు ఎంత గట్టిగా పెట్టిందంటే, రిజిస్టరులో లెక్క తప్పితే జైలుకి పోతామేమోనని ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. ఎక్సైజు వాళ్ళ దగ్గర ఒక లైసెన్సు, ఔషధ నియంత్రణ దగ్గర ఇంకొకటి. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, మిత్రులు కలిసి పాలియేటివ్ సంఘం పెట్టి, ఇళ్ళకు వెళ్ళి నొప్పి తగ్గించడం మొదలుపెట్టారు. అలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2014లో చట్టం సవరించారు. మార్ఫిన్, ఫెంటానిల్ సహా ఆరు మందుల్ని అత్యవసరమైన మత్తుమందులుగా గుర్తించి, దేశమంతటికీ ఒకే రకం అనుమతి పెట్టారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో ఏళ్ళుగా పాలియేటివ్ విభాగం నడుస్తోంది. తెలంగాణలో జిల్లాల్లో కూడా కేంద్రాలు పెట్టారు. ఆంధ్రలో ఉన్నవాళ్ళు దగ్గరి మెడికల్ కాలేజీలోనో, కేన్సర్ ఆసుపత్రిలోనో "పాలియేటివ్ ఓపీ ఉందా" అని ఆ మాటే వాడి అడగండి.

2017లో లాన్సెట్ పత్రిక నియమించిన కమిషన్ ఒక లెక్క చెప్పింది. ప్రపంచంలో ఏడాదికి పంపిణీ అయ్యే మార్ఫిన్ తరహా మందు, మార్ఫిన్ లెక్కకు మారిస్తే 298.5 టన్నులు. అందులో అతి పేద దేశాలకి వెళ్ళేది 0.1 టన్ను. టన్నులో పదో వంతు. నేను ఈ అంకె చూశాక చాలాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. ఊరి బావి దగ్గర దూరం నిలబెట్టి నీళ్ళు పోసినట్టే ఉంది కదూ.

భయాల గురించి విడివిడిగా చెప్తాను, ఎందుకంటే భయమే మన ఇళ్ళలో మందుని ఆపుతోంది.

అలవాటు పడిపోతారన్నది మొదటి భయం. రెండు వేరు వేరు సంగతుల్ని మనం ఒకే మాటతో పిలుస్తాం. కొన్ని వారాలు వాడితే ఒళ్ళు మందుకి సర్దుకుంటుంది. ఉన్నట్టుండి ఆపితే చెమటలు, కడుపునొప్పి, వణుకు వస్తాయి. అందుకే డాక్టరు మెల్లగా తగ్గించి ఆపుతారు. ఇది వ్యసనం కాదు. వ్యసనమంటే, నొప్పి లేకపోయినా ఆ మందు కోసం వెంపర్లాడటం, నష్టం తెలిసినా ఆగలేకపోవడం. కేన్సర్ నొప్పికి డాక్టరు చూపులో, లెక్కగా మార్ఫిన్ తీసుకునేవాళ్ళలో ఇది అరుదు. లేదని చెప్పను. ఇంతకు ముందు తాగుడు అలవాటు ఉన్నవాళ్ళకి, మత్తు అలవాటు ఉన్నవాళ్ళకి ప్రమాదం ఎక్కువ. ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకండి. దాచితే మందు ఇవ్వరని కాదు, చెప్తే జాగ్రత్తగా ఇస్తారు.

ఊపిరి ఆగిపోతుందన్నది రెండో భయం. మోతాదు ఉన్నట్టుండి పెరిగితేనో, నిద్రమాత్రలతోనో మద్యంతోనో కలిస్తేనో నిజంగానే ప్రమాదం. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళ ఒంట్లో మార్ఫిన్ పేరుకుపోతుంది, వాళ్ళకి మోతాదు తగ్గించాలి, లేకపోతే మందే మార్చాలి. అటెండెంటుగా ఉన్నవాళ్ళు చూడాల్సింది ఒకటి. నిద్రపోవడం వేరు, పిలిచినా తట్టినా లేవకపోవడం వేరు. లేవకుండా, ఊపిరి బాగా నెమ్మదించి, కంటిపాప సూదిమొనలా చిన్నదైతే వెంటనే సిస్టర్‌ని కేకెయ్యండి. నాలాక్సోన్ అనే విరుగుడు సూది ఉంది. మరి చిన్న మోతాదుతో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచుకుంటూ పోతే ఊపిరికి ముప్పు రావడం అరుదు. "మార్ఫిన్ రాశారంటే రేపో మాపో అని అర్థం" అంటారు. చావు దగ్గరపడిందని కాదు, నొప్పి పెరిగిందని అర్థం. మా పెద్దమ్మ మార్ఫిన్ మొదలయ్యాక నాలుగు నెలలు బతికింది.

ఎవరూ భయపడనిది, కానీ అందరికీ వచ్చేది మలబద్ధకం. మొదట్లో వాంతి వచ్చినట్టు ఉండటం, మగతగా ఉండటం కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. ఇది మాత్రం సర్దుకోదు. మార్ఫిన్ రాసిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయమని అడగండి. పెద్దమ్మ వారం రోజులకే "నొప్పి పోయింది, ఇది పట్టుకుంది" అని మందు మానేస్తానంది. కారణం అడిగేదాకా సిగ్గుపడి చెప్పలేదు.

ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ సంగతి వేరు. కడుపు కోసిన రోజో, ఎముక అతికించిన రోజో నొప్పికి ఓపియాయిడ్ సూది ఇవ్వడం సరైనదే. నొప్పి ఉంటే మనిషి గట్టిగా ఊపిరి తీయలేడు, దగ్గలేడు, లేచి నడవలేడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డ కడుతుంది. కానీ అది కొద్ది రోజులకే. పక్కన పారాసిటమాల్ వంటివి, నరం దగ్గర ఇచ్చే సూది వంటివి కలిపి ఓపియాయిడ్‌ని తక్కువలో సరిపెడతారు. డిశ్చార్జి చీటీలో అది ఎన్ని రోజులకి రాశారో అడిగి తెలుసుకోండి. అయిపోయాక మందుల షాపులో చీటీ చూపించి మళ్ళీ మళ్ళీ కొనకండి.

ఎందుకు చెప్తున్నానంటే, ఆ ఆరుగురి కథ మా పేటలోనూ ఉంది. లారీ మీద పని చేసే కుర్రాడు, కాలు విరిగింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నొప్పి అంటే ఊళ్ళో సూదిమందు వేసే ఆయన రోజూ పెంటజోసిన్ వేసేవాడు. ఆ తర్వాత కుర్రాడే వేసుకోవడం నేర్చుకున్నాడు. తొడ మీద కండంతా గట్టిపడి పుళ్ళు. ట్రమడాల్‌ని 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందకి తెచ్చింది ఇలాంటివాళ్ళు పెరిగినందుకే. అమెరికాలో 1990ల చివరి నుంచి కంపెనీలు ఈ మందులకి అలవాటు పడరని ఊదరగొట్టి అమ్మాయి, లక్షల ప్రాణాలు పోయాయి. కాబట్టి మందు మంచిదని నేను ప్రచారం చెయ్యడం లేదు. ఇంట్లో మార్ఫిన్ ఉంటే తాళం వేసి పెట్టండి, మాత్రలు లెక్కపెట్టి రాసి పెట్టుకోండి, మనిషి పోయాక మిగిలినవి ఇచ్చిన చోటే తిరిగి ఇచ్చేయండి. పెద్దమ్మ పోయాక పదకొండు మాత్రలు మిగిలాయి. తిరిగి ఇచ్చి సంతకం పెట్టి వచ్చాను. ఆ కుర్రాణ్ణి మాత్రం వెలివేసినట్టు చూడకండి, అతనికీ వైద్యం ఉంది, అతనిదీ రోగమే.

ఇప్పుడు ఎవరూ వినడానికి ఇష్టపడని మాట ఒకటి. వార్డులో నొప్పిని అందరికీ ఒకేలా నమ్మరు. ఇంగ్లీషులో మాట్లాడే ఇంటి కోడలు "నొప్పి" అంటే సిస్టర్ పరిగెత్తుతుంది. మనవాళ్ళు అంటే "కష్టజీవులు, తట్టుకుంటారు" అంటారు, ప్రసవం గదిలో ఇంకా ఘోరమైన మాటలు అంటారు. అందరూ అలా ఉండరు, ఆ డాక్టరమ్మ లేదూ. కానీ ఇది మన ఊహ మాత్రమే కాదు. అమెరికాలో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, తెల్లజాతి వైద్య విద్యార్థులు, జూనియర్ డాక్టర్లలో సగం మంది నల్లవాళ్ళ శరీరం గురించి ఏదో ఒక తప్పు నమ్మకం పెట్టుకుని ఉన్నారని తేలింది. వాళ్ళ చర్మం మందం అన్నది అందులో ఒకటి. అలా నమ్మినవాళ్ళు నల్లవాళ్ళ నొప్పికి తక్కువ మార్కు వేశారు. మన దగ్గర అలాంటి పరీక్ష పెడితే ఏం తేలుతుందో ఎవరైనా పెట్టి చూడాలి.

దీనికి తోడు మనం ఓర్చుకోవడాన్ని గొప్పగా చెప్పుకుంటాం. తరతరాలు ఓర్చుకోక తప్పని స్థితిలో ఉంచారు కాబట్టి దాన్నే గుణం చేసుకున్నాం. అంగుత్తర నికాయంలో మంచి రోగికి ఉండాల్సిన ఐదు గుణాలు చెప్పాడు బుద్ధుడు. ఒంటికి సరిపడేది చెయ్యాలి, అందులోనూ మితం తెలియాలి, మందు వేసుకోవాలి, పరిచర్య చేసేవాళ్ళకి జబ్బు ఉన్నదున్నట్టు చెప్పాలి, ఎక్కువైతే ఎక్కువైందని, తగ్గితే తగ్గిందని, అలాగే ఉంటే అలాగే ఉందని. వచ్చిన బాధను ఓర్చుకోవాలి. ఓర్పు ఉంది, కాదనను. అది చివర ఉంది. మందు వేసుకుని, ఉన్నది చెప్పాక కూడా మిగిలిన బాధకి ఓర్పు. మనం దాన్ని ముందుకు తెచ్చి మిగతా నాలుగూ కొట్టేశాం. సున్నా నుంచి పది దాకా అడిగే డాక్టరమ్మ, అర టిక్కీ రెండు టిక్కీలు అని చెప్పిన పెద్దమ్మ, ఇద్దరూ ఆ సుత్తం చదవలేదు. చదవకుండానే పాటించారు.

రోగి నోరు విప్పలేకపోతే? అప్పుడు పక్కన ఉన్నవాళ్ళ పని. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువు కథ మీకు తెలుసు. బుద్ధుడు నీళ్ళు తెప్పించి, ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి మంచం మీద పడుకోబెట్టాడు. తల్లీ తండ్రీ దగ్గర లేని మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని సంఘాన్ని అడిగాడు. మేం మా పేటలో ఇప్పుడు చేస్తున్నది చిన్న పని. మనవాళ్ళు ఎవరు ఆసుపత్రిలో చేరినా వంతులేసుకుని ఒకరు వెళ్తాం. పండ్లు పట్టుకెళ్ళి పది నిమిషాలు కూర్చుని రావడం కాదు. ఒక చిన్న నోట్‌బుక్ ఇస్తాం. నొప్పి ఎప్పుడు లేచింది, ఎక్కడ, ఎంత, మందు ఎన్నింటికి పడింది, ఎంతసేపు నిద్రపోయారు, విరేచనం అయిందా, ఇవి రాస్తాం. రౌండ్స్‌కి డాక్టరు గారు రాగానే ఆ పుస్తకం చూపిస్తాం. గొడవ పెట్టుకోం. "సార్, రాత్రి రెండింటికి ఎనిమిది ఉంది, మాత్ర పడింది ఆరింటికి" అని చెప్తే చాలు, చాలామంది డాక్టర్లు చీటీ మారుస్తారు. మార్చకపోతే పాలియేటివ్ వాళ్ళని పిలవమని మర్యాదగా అడుగుతాం. అదీ కాకపోతే సూపరింటెండెంటుకి కాగితం రాస్తాం. అర్జీ రాయడం మనకి బాబాసాహెబ్ నేర్పిన విద్యే.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే సేవాలయం పెట్టిన సిస్లీ సాండర్స్ అనే డాక్టరు, మనిషి నొప్పి ఒక్క ఒంట్లోదే కాదు, మనసుది, డబ్బుది, ఒంటరితనానిది, నమ్మకానిది కూడా కలిసే ఉంటుందని చెప్పింది. పెద్దమ్మ నొప్పిలో ఒక భాగం శీలం తప్పుతానేమోనన్న భయం. దాన్ని ఏ మాత్రా తగ్గించదు. ఆ భాగం నేను పెట్టిందే, నేనే తీయాల్సి వచ్చింది. ఐదో రోజు రాత్రి మంచం పక్కన కూర్చుని పిలిందవచ్ఛుడి కథ మా యాసలో చెప్పాను. ఆమె అంతా విని, "అంటే ఆ భిక్షువు కూడా తాగాడా?" అంది. "మందుగా పుచ్చుకున్నాడు పెద్దమ్మా" అన్నాను. "ఆ ఆరుగురు ఎదవలని ఏం చేశారు?" అంది. చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు మొన్నే ఎందుకు చెప్పలేదే?" అంది.

తెలియదు పెద్దమ్మా అన్నాను. అంతకంటే ఏం చెప్పను.

మొదటి మాత్ర రాత్రి తొమ్మిదిన్నరకి వేసుకుంది. గంట తర్వాత నోట్లోంచి కొంగు తీసేసింది. తెల్లారి ఐదింటికి నేను లేచేసరికి ఆమె మేలుకునే ఉంది, కిటికీ వైపు తిరిగి, పెదాలు కదుపుతూ. బుద్ధం శరణం దగ్గర మొదలుపెట్టి మూడుసార్లూ పూర్తిగా చెప్పుకుంది. తర్వాత నా వైపు చూసి, "టీ తాగొస్తావా అమ్మాయ్, నాక్కూడా ఒక కప్పు పట్టుకురా, ఇవాళ తాగాలనిపిస్తంది" అంది.